వాపు లేనివాళ్లకు బోదకాలు మాత్రలెందుకు?

ప్రశ్న: ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బోదకాలు మాత్రలిచ్చింది. మాలో మా అత్తగారికి తప్ప ఎవరికీ కాలు వాపు లేదు. అవి వేసుకున్న పక్కింటాయనకు జ్వరమొచ్చింది. వేసుకోవాలా? అత్తయ్య కాలు తగ్గుతుందా?

జవాబు: వేసుకోండి. వాపు ఈ జబ్బులో ఆఖరి ఘట్టం. దీన్ని తెచ్చే ఫైలేరియా పురుగులు లింఫు నాళాల్లో (ఒంట్లో ఊటనీరు పారే సన్నని గొట్టాల్లో) ఏళ్ల తరబడి బతుకుతూ పిల్లల్ని రక్తంలోకి వదులుతుంటాయి. మనిషి మాత్రం నిక్షేపంగా తిరుగుతుంటాడు. ఆ పురుగుపిల్లలు చర్మం దగ్గరి రక్తంలోకి వచ్చేది రాత్రిపూటే, వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ అప్పుడే. అందుకే పగటి రక్తపరీక్షలో ఏమీ లేదన్నా నమ్మలేం.

15 ఏళ్లు, ఆపైవారికి డీఈసీ (ఈ పురుగుపిల్లల్ని చంపే మందు) 100 మి.గ్రా. మాత్రలు 3, 6–14 ఏళ్లవారికి 2, 2–5 ఏళ్లవారికి 1. వీటితోపాటు ఆల్బెండజోల్ ఒకటి, నమిలి మింగాలి. పరగడుపున వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పక్కింటాయన జ్వరం చాలావరకు పురుగుపిల్లలు చచ్చినందువల్లే. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

అత్తయ్యగారి పాత వాపును ఈ మాత్రలు తీసేయలేవు. కాలిని రోజూ సబ్బుతో, చల్లని నీటితో రుద్దకుండా కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. అసలు కిటుకు అక్కడే ఉంది: ఆ సందుల్లో తడి నిలిస్తే చర్మం పగులుతుంది, పగులులోంచి సూక్ష్మజీవులు దూరి చలిజ్వరం తెస్తాయి, ప్రతి జ్వరానికీ వాపు ఇంకొంచెం పెరుగుతుంది. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోమనండి.

ఈ క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి వల కట్టండి, మూత పగుళ్లు పూడ్చండి.