వేడిని ఆపేది నలుపు కాదు

ప్రశ్న: రోజులో సగం కారులోనే గడిచే ఉద్యోగం నాది. కిటికీ వైపు చెయ్యి ఎండకి చురచురలాడిపోతోంది, ఏసీ ఎంత పెంచినా ఆ మంట తగ్గడం లేదు. అద్దాలకి సన్ ఫిల్మ్ వేయిద్దామంటే రాత్రి రోడ్డు కనిపించదేమోనని టెన్షన్. ఫిల్మ్ వేసేవాళ్లేమో ‘ఎంత నల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది’ అంటున్నారు. నిజమేనా? ఎంత శాతం ఫిల్మ్ తీసుకోమంటారు?

జవాబు: నిజం కాదండీ. ఈ మాట నమ్మే చాలామంది పగలు చల్లదనమూ దక్కక, రాత్రి చూపూ దక్కక ఇబ్బంది పడుతున్నారు. ఎండలో మనకి కంటికి కనిపించే వెలుగు సగం కన్నా తక్కువ. సగానికి పైగా ఉండేది కంటికి కనిపించని, ఒంటికి వేడిగా తగిలే ఇన్‌ఫ్రారెడ్, మిగిలిన కాస్త అతినీలలోహిత (యూవీ) కిరణాలు. నల్ల రంగు అద్దిన మామూలు ఫిల్మ్ వెలుగుని బాగానే ఆపుతుంది కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది, అందుకే కారు లోపల చీకటిగా ఉన్నా చెయ్యి మాత్రం మండుతూనే ఉంటుంది. సెరామిక్ ఫిల్మ్ దీనికి ఉల్టాగా పనిచేస్తుంది: చూడ్డానికి దాదాపు తెల్ల అద్దంలా ఉండే రకమూ దొరుకుతుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం పట్టి ఆపుతుంది. లోహపు పూత ఉన్న ఫిల్ములు కూడా వేడిని బాగా తిప్పికొడతాయి గానీ, వాటితో ఫోన్ సిగ్నల్, జీపీఎస్ బలహీనపడే అవకాశం ఉంది. నేనైతే వాటి జోలికి వెళ్లను.

ఫిల్మ్ కొనేటప్పుడు రెండు అంకెలు అడగండి. వీఎల్‌టీ అంటే ఎంత శాతం వెలుగు లోపలికి వస్తుందో చెప్పేది, టీఎస్ఈఆర్ అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం ఆగుతుందో చెప్పేది. మీ చేతికి ఉపశమనం ఇచ్చేది రెండో అంకె. ‘95 శాతం ఇన్‌ఫ్రారెడ్ ఆపుతుంది’ అని రాసి ఉంటే అది చూసి పొంగిపోవద్దు, చాలాసార్లు ఆ లెక్క ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న ముక్కకే కట్టి ఉంటుంది. ‘99 శాతం యూవీ’ అనేది చర్మానికి, సీట్లకి మంచిదే, మంచి ఫిల్ములన్నీ దాదాపు అంత ఆపుతాయి, కానీ వేడికీ దానికీ సంబంధం తక్కువ.

ఇక రాత్రి సంగతి. చాలామంది మర్చిపోయే లెక్క ఒకటుంది. కారుతో వచ్చిన అద్దమే కొంత వెలుగుని ఆపేస్తుంది. అద్దం 78 శాతం వెలుగుని వదిలేదైతే, దాని మీద 35 శాతం ఫిల్మ్ వేస్తే లోపలికి వచ్చేది 35 కాదు, 27 శాతమే. 70 శాతం ఫిల్మ్ వేస్తే 55 దాకా వస్తుంది. పగలు ఈ రెండింటికీ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే వెలుగు పుష్కలంగా ఉంటే కన్ను సర్దుకుపోతుంది, అదే వీధిదీపం లేని సందులో అయితే ఆ తేడాయే మనిషి కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకట్లో అంతగా విచ్చుకోదు కాబట్టి యాభై దాటినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి.

నా పాత కారు ముందు తలుపుల అద్దాలకి 20 శాతం ఫిల్మ్ ఉండేది. ఒక వాన రాత్రి వెనక్కి తీస్తూ అనుమానం వచ్చి అద్దం దించాను. సైడ్ మిర్రర్‌లో, వెనక చక్రానికి రెండడుగుల దూరంలో, పడిపోయి ఉన్న పిల్లల సైకిల్. అద్దం మూసి ఉన్నంతసేపూ అక్కడ నాకు కనిపించింది ఉత్త తడి నేల. మర్నాడే ఆ ఫిల్మ్ పీకించేశాను. సైడ్ మిర్రర్లు చూసేది ముందు తలుపుల అద్దాల్లోంచే కదా, అందుకే అక్కడ 70కి తగ్గకండి అని గట్టిగా చెబుతాను. విండ్‌షీల్డ్ నుంచి చాలా వేడి వస్తుంది, దానికీ తెల్లటి సెరామిక్ వేయించుకోవచ్చు, మీ ప్రాంతంలో చట్టం ఒప్పుకుంటేనే. చట్టం చెప్పే శాతం సాధారణంగా అద్దం, ఫిల్మ్ కలిపిన లెక్క, అది ముందే కనుక్కోండి.

వేయించే ముందు చిన్న ముక్క ఒకటి అడిగి తీసుకుని, రాత్రిపూట మీరు రోజూ కారు పెట్టే చోట అద్దానికి ఆనించి మిర్రర్‌లోకి చూడండి. షాపులో దీపం కింద చెయ్యి పెట్టి చూపించే పరీక్ష కన్నా ఇది మేలు. ఒక్కటి మాత్రం: ఎండలో గంటలకొద్దీ ఆపిన కారు ఏ ఫిల్మ్ వేసినా వేడెక్కుతుంది, అక్కడ విండ్‌షీల్డ్‌కి అడ్డం పెట్టే సన్‌షేడ్ కూడా కావాలి.

ప్రశ్న: పాత ఫిల్మ్ ఊదారంగుకి తిరిగింది, రాత్రి ఎదుటి లైట్లు చెదిరి కనిపిస్తున్నాయి. నేనే పీకేయొచ్చా?

జవాబు: ఊదారంగు వచ్చిందంటే అందులోని రంగు చచ్చిపోయినట్టే, తీసేయడమే మంచిది. పక్క అద్దాలకి ఆవిరి పట్టించి, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగితే వచ్చేస్తుంది. వెనక అద్దం మీద సన్నటి డీఫాగర్ (అద్దం మీది ఆవిరిని పోగొట్టే) గీతలుంటే బ్లేడు పెట్టి గీకొద్దు, గీత తెగితే పొగమంచు రోజున అక్కడ అద్దం తేటపడదు. అది చేయి తిరిగినవాళ్లకి వదిలేయండి. కొత్తది వేశాక మూడు నాలుగు రోజులు అద్దాలు దించకండి. లోపల చిన్న నీటి బుడగలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, కొన్ని వారాల్లో ఆరిపోతాయి.