బుజ్జీ, ఆ ఎర్ర గీత గీసే ముందు

బుజ్జీ,

నువ్వు పంపిన శాటిలైట్ బొమ్మ స్క్రీన్‌షాట్ చూశాను. మీ ఊరి గ్రానైట్ క్వారీ కొండ చుట్టూ ఎర్ర గీత గీసి "బాబాయ్, లీజు దాటి తవ్వేశారు, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చేస్తున్నా" అన్నావు. ఇవ్వు, వద్దనను. కానీ ఇంకో రెండు సోమవారాలు ఆగు.

ముందు నా పరువు పోయిన కథ విను. సర్వీసులో ఉండగా ఒక క్వారీ వాళ్లు హద్దు దాటారని మ్యాపు గీసి మరీ రిపోర్టు ఇచ్చాను. తీరా జాయింట్ సర్వేకి కొండెక్కితే హద్దురాళ్లు పాతిన చోటే ఉన్నాయి, గొయ్యి వాటి లోపలే ఉంది. తప్పు నాదే. లీజు కాగితాల్లో అక్షాంశ రేఖాంశాలు పాత సర్వే పటాల (టోపోషీటు) లెక్కలో, అంటే ఎవరెస్ట్ డేటమ్‌లో ఉన్నాయి, నేను వాటిని మార్చకుండా ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో పెట్టేశాను. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే పద్ధతి, అది మారితే అవే అంకెలు వేరే చోటు చూపిస్తాయి. మన వైపు ఆ రెండింటికీ 100 మీటర్లకు పైనే తేడా వస్తుంది. క్వారీ మేనేజరు ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ తాగేకంటే తిట్లు తినడమే నయమనిపించింది.

అందుకని హద్దు సంగతి ముందు తేల్చుకో. పర్యావరణ అనుమతి తీసుకున్న క్వారీ అయితే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ సైట్‌లో దాని కాగితాలు వెతుకు, మూల రాళ్ల అక్షాంశ రేఖాంశాలు అందులో దొరకొచ్చు. అవి గూగుల్ ఎర్త్‌లో వేశాక ఒక రాయి దగ్గరికెళ్లి ఫోన్‌లో రీడింగ్ తీసి చూడు. పది మీటర్ల లోపు కలిస్తే సరే, కలవలేదంటే అక్కడే ఆగిపో.

ఇక బొమ్మ. గూగుల్ ఎర్త్ కంటికి బాగుంటుంది కానీ అది అతుకుల బొంత, పక్కపక్క ముక్కలకే తేదీలు వేరుంటాయి. రుజువుకి యూరప్ వాళ్ల ఉపగ్రహం సెంటినెల్-2 బొమ్మలు వాడు. కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్‌లో ఉచితం, 5 రోజులకోసారి ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. అందులో ఒక్కో చుక్క 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్ల నేల. ప్రొక్లెయిన్ కనపడదు. రాత్రిళ్లు తవ్వుతారు కదా అంటావేమో, టిప్పర్లు చీకట్లో వెళ్లిపోతాయి గానీ గొయ్యి తెల్లారేసరికి పూడిపోదుగా.

పోల్చేటప్పుడు ఫిబ్రవరిని ఫిబ్రవరితోనే పోల్చు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గోతుల్లాంటి లోతైన చోట మెట్లుగా తవ్విన గోడల నీడే నల్లగా పరుచుకుంటుంది, వాననీళ్లు నిలిచినా నలుపే, రెండూ కొత్త తవ్వకంలా మోసం చేస్తాయి. పక్కనున్న వేస్టు రాయి గుట్టల్ని కూడా గోతిలో కలిపి ఎకరాలు లెక్కేసినవాళ్లను చూశాను. కోతైన పొలం, ఎండిన చెరువు సరేసరి, అన్నిటికంటే పెద్ద తలనొప్పి రియల్ ఎస్టేట్ వెంచర్లు: ఎర్రమట్టి చదును చేసి రోడ్లేస్తే పైనుంచి అచ్చం గ్రావెల్ తవ్వినట్టే ఉంటుంది. వానాకాలం మబ్బులుంటే వాటిలోంచీ చూడగల సెంటినెల్-1 రాడార్ చూడు, కానీ ఆ బొమ్మంతా మచ్చలుమచ్చలుగా ఉంటుంది, దాన్నొక్కదాన్నే నమ్మకు.

డంపింగ్ యార్డు గురించి కూడా అడిగావు. అది పక్కకి కంటే పైకే ఎక్కువ పెరుగుతుంది, సెంటినెల్-2 ఎత్తు చెప్పదు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 300 ఎకరాలకు పైనున్న యార్డులో పాత గుట్టను కప్పేశారు, అలా కప్పి గడ్డి పెంచితే బొమ్మలో పచ్చగా కనిపిస్తుంది, కింద చెత్త చెత్తే. నువ్వు దిగువ చెరువు రంగు చూడు, మంటలకి ఉపగ్రహాలు పట్టిన మంటల్ని చూపే నాసా ఫర్మ్స్ సైట్ చూడు. చెత్త కుళ్లితే వచ్చే మీథేన్ గ్యాస్ జోలికి పోకు. ఢిల్లీ, ముంబై నగరాల మీద మీథేన్ పట్టిన ట్రోపోమీ అనే ఉపగ్రహ పరికరానికి ఒక్కో గడి కిలోమీటర్లలో ఉంటుంది, మీ ఊరి చెత్త దానికి ఆనదు.

కేంద్రం 2016లో పెట్టిన ఉపగ్రహ గనుల నిఘా వ్యవస్థ లీజు చుట్టూ 500 మీటర్లు చూస్తుంది, కానీ అది ముందు ఇనుము, బాక్సైట్ లాంటి మేజర్ మినరల్స్ కోసం పెట్టింది. గ్రానైట్ మైనర్ మినరల్, కాబట్టి రాష్ట్ర గనుల శాఖకే రాయి. అర్జీలో "అక్రమం" అనే మాట వద్దు. ఫలానా తేదీకి గొయ్యి ఇక్కడుంది, ఫలానా తేదీకి అక్కడికి వచ్చింది, జాయింట్ సర్వే చేయించండి, అంతే.

ఆదివారం నేనూ వస్తా, ఆ రాయి దగ్గర ఇద్దరం ఫోన్లు పట్టుకుని నిలబడదాం. కొండెక్కుతున్నానని మీ పిన్నితో అనకు, మోకాలు ఇంకా తగ్గలేదు.

మీ బాబాయ్