చిన్నీ, ముందు తేదీ పెట్టు

చిన్నీ,

నువ్వు హైదరాబాదు ఉద్యోగం మానేసి కర్నూలుకు వచ్చేస్తున్నావని, కృష్ణానగర్ ఇంట్లో ముందుగది ఆఫీసుగా మారుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అమెరికా డాక్టర్ల తరఫున ఇన్సూరెన్స్ కంపెనీలకు కాగితాలు పంపే పనట, రాత్రిపూట డ్యూటీ అట, ఇంట్లో ఫ్యాక్స్ మెషిన్ ఉండాలట. ‘ఈ కాలంలో ఫ్యాక్స్ ఏందక్కా’ అని మీ అమ్మ నన్నే అడిగింది. అక్కడి క్లినిక్‌లు, ఇన్సూరెన్స్ ఆఫీసులు ఇప్పటికీ ఎన్నో కాగితాలు ఫ్యాక్స్‌లోనే పంపుకుంటాయని చెప్పాను. చెబుతుంటే నాకు భలే సంతోషమేసింది. మీ అమ్మ పరికిణీలు కట్టుకునే రోజుల్లో నా ఎస్టీడీ బూత్‌లో కూర్చుని ఫ్యాక్స్ రోల్ నుంచి వచ్చిన కాగితాలు కత్తిరించి ఇచ్చేది. ఇప్పుడు దాని కూతురు అదే పని మీద సొంత ఆఫీసు పెడుతోంది.

సంతోషం అయ్యాక టెన్షన్ మొదలైంది. అందుకే రాస్తున్నా. ఫోన్లో చెబితే ‘సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు.

మెషిన్ కొనేటప్పుడు ప్రింట్, స్కాన్, ఫ్యాక్స్ మూడూ ఉన్న లేజర్‌ది తీసుకో. ఫ్యాక్స్ లేని మోడల్ కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, వెనక టెలిఫోన్ తీగ పెట్టే చోటు ఉందో లేదో నీ కళ్లతో చూసి డబ్బు కట్టు. అక్కడ రెండు సాకెట్లుంటాయి. లైన్ అని రాసినదాంట్లో వచ్చే తీగ, రెండోదాంట్లో కావాలంటే మామూలు ఫోన్. తారుమారైతే మెషిన్ వెలుగుతుంది కానీ డయల్ టోన్ రాదు. ఐఎస్‌డీ ఓపెన్ చేయించుకో. కాల్ వెయిటింగ్ తీయించెయ్, మధ్యలో ఆ బీప్ వస్తే ఫ్యాక్స్ తెగిపోతుంది. అదే లైన్ మీద లోపలి గదిలో ఇంకో ఫోన్ ఉంటే మీ జేజి దాన్ని ఎత్తకుండా చూడు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

తెలియనిది ఇది. మా కాలంలో రాగి తీగ. గొంతు వెళ్లినట్టే ఫ్యాక్స్ కూత కూడా ఆ తీగలో నేరుగా వెళ్లేది. నీ ఇంటికి వచ్చింది ఫైబర్. ఫోన్ తీగను ఫైబర్ మోడెం వెనక ఫోన్ అని రాసిన చోట పెట్టాలి. అక్కడ నీ కూతను ముక్కలు ముక్కలుగా చేసి ఇంటర్నెట్ మీద పంపిస్తారు. మనిషి మాటలో చిన్న ముక్క పోతే మన చెవి సర్దుకుంటుంది. ఫ్యాక్స్ సర్దుకోదు. కాబట్టి కనెక్షన్ ఇచ్చేవాళ్లను ‘టీ.38 ఉందా’ అని అడుగు. ఫ్యాక్స్‌ను ఇంటర్నెట్ మీద పంపడానికే పెట్టిన పద్ధతి అది. లేదంటే శబ్దాన్ని పెద్దగా కుదించని జీ.711 పద్ధతి పెట్టమను. జీ.729 అన్నారంటే ఒప్పుకోకు. అది మనిషి మాటకు తగ్గట్టు శబ్దాన్ని బాగా కుదిస్తుంది, ‘హలో’ చక్కగా వినిపిస్తుంది కానీ ఫ్యాక్స్ పోదు.

అయినా సగంలో ఆగిపోతుంటే మెషిన్ సెట్టింగుల్లో వేగం తగ్గించు. 33.6 కేబీపీఎస్ ఉంటే 14.4కు దించు, కుదరకపోతే 9.6. పేజీకి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, పడనీ. ఈసీఎం అని ఇంకొకటి ఉంటుంది, చెడిపోయిన ముక్కను మళ్లీ పంపించమని అడిగేది. ‘అది ఆపేస్తే త్వరగా పోతుంది’ అని మెకానిక్ చెబుతాడు. ఆపొద్దు. నేలకు పరిచే బండల రేటు పంపే వ్యాపారులు ఆపుకోవచ్చేమో. నువ్వు పంపేది రోగి కాగితం. మందు మోతాదు ఉన్న లైనే ఎగిరిపోతే ఎవరిది బాధ్యత?

ఇంకో సంగతి. రాగి తీగకు ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌కు ఆ సుఖం లేదు. ఇంట్లో కరెంటు పోతే మోడెం పోతుంది, దాంతో ఫోనూ పోతుంది. మోడెంకు చిన్న యూపీఎస్ పెట్టు. లేజర్ మెషిన్‌ను మాత్రం ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించకు. లోపల వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది.

ఇక అసలు విషయం. తేదీ.

బేతంచెర్ల బండల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. మొదట్లో మా బూత్ నుంచే ఫ్యాక్స్‌లు పంపేవాడు, బేరం పెరిగాక ఇంట్లోనే మెషిన్ పెట్టుకున్నాడు. రోల్ కాగితంది, ఆ రోజుల్లో అందరివీ అవే. మీ పెదనాన్న వెళ్లి బిగించి, తేదీ, టైము, ఆయన నంబరు అన్నీ పెట్టి వచ్చాడు. పంపే మెషిన్‌లో ఏ తేదీ ఉంటే అదే అవతల వచ్చే కాగితం పైఅంచున సన్నటి అక్షరాల్లో పడుతుంది, తెలుసు కదా. ఆ మెషిన్‌కు లోపల బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే గడియారం మళ్లీ జనవరి 1కి వెళ్లిపోయేది. ‘కరెంటు వచ్చినప్పుడల్లా తేదీ సరిచేసుకో అన్నా’ అని మీ పెదనాన్న చెప్పే వచ్చాడు. మన ఎండాకాలంలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో నీకు చెప్పాలా! ఆయన కొన్నాళ్లు సరిచేశాడు, తర్వాత వదిలేశాడు. ఫ్యాక్స్ పోతోంది కదా, తేదీతో పనేముంది అనుకున్నాడు.

మద్రాసు పార్టీకి చదరపు అడుగుకు ఒక రేటు చెప్పి ఫ్యాక్స్ పెట్టాడు. లారీ బాడుగలు పెరిగాయి. కొన్నాళ్లకు రేటు పెంచి ఇంకో ఫ్యాక్స్ పెట్టాడు. రెండూ చేత్తో హడావిడిగా రాసినవే, కాగితం మీద తేదీ వేయలేదు. రెండింటి పైఅంచునా జనవరి 1 అనే పడింది. వాళ్లు సరేనని జవాబు కూడా పంపారు. సరుకు వెళ్లింది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు మాట మార్చారు: మీరు ముందు ఎక్కువ రేటు చెప్పి, తర్వాత తగ్గించారు, మేము ఒప్పుకున్నది ఆ తగ్గించిన రేటుకే అన్నారు. ఏది ముందు, ఏది వెనక? కాగితం చెప్పదు. ఫ్యాక్స్ పోయాక ఆయన మెషిన్ ఇచ్చిన రిపోర్టుల్లోనూ అదే జనవరి 1.

అప్పుడు మా బూత్‌కు వచ్చాడు. వాళ్ల జవాబు ఫ్యాక్స్ దాచుకున్నాడు, పెరిగిన రేటు అందులో స్పష్టంగా ఉందట. జాగ్రత్తగానే దాచాడు పాపం, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేకుల షెడ్డులో ఉన్న బీరువాలో. రోల్ కాగితం మీద సిరా ఉండదమ్మా. వేడికి నల్లబడే మందు పూత ఉంటుంది, మెషిన్ ఆ పూతను వేడి చేసి అక్షరం తెప్పిస్తుంది. ఎండ, వేడి, ప్లాస్టిక్ కవరు తగిలితే ఆ అక్షరం చెరిగిపోతుంది. కవర్లోంచి తీస్తే చుట్టుకుపోయిన తెల్ల కాగితం. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని అటు వంచి ఇటు వంచి చూశాడు. ఒక మూల బూడిదరంగులో సంతకం తోకలాంటిది కనిపించింది, అంతే. ‘అమ్మా, జిరాక్స్‌లో నలుపు పెంచి తియ్యి, ఏమైనా వస్తుందేమో’ అన్నాడు. నలుపు పెంచి తీశాను. కాగితమంతా నల్లబడింది, అక్షరం రాలేదు. తక్కువ రేటే తీసుకోవాల్సి వచ్చింది. ఆ వేసవిలో పాలిష్ మెషిన్ అప్పు కంతు కట్టలేకపోయాడు. ఆయన ముఖం తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

నీ లేజర్ కాగితం చెరిగిపోదు. తేదీ సంగతి మాత్రం ఇప్పటికీ అంతే. మెషిన్ పెట్టెలోంచి తీయగానే ముందు తేదీ, టైము పెట్టు. తర్వాత నీ పేరో కంపెనీ పేరో, నంబరు దేశం కోడ్‌తో సహా 91 8518 అంటూ ఎక్కించు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అమెరికాలో 1991 నాటి చట్టం ప్రకారమే ఫ్యాక్స్ కాగితం అంచున తేదీ, సమయం, పంపినవాళ్ల పేరు, నంబరు ఉండాలి. కరెంటు చాలాసేపు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఒకసారి చూసుకో.

మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. వాళ్లు నెల ముందు రాస్తారు. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, వాళ్లకు మే 4. కవర్ పేజీ మీద నెల పేరు అక్షరాల్లో రాయి, అంకె వేయొద్దు. టైము తేడా కూడా ఉంది. న్యూయార్కుకూ మనకూ మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర గంటలు, మిగతా కాలం పదిన్నర. మంగళవారం పొద్దున ఆరింటికి నువ్వు కునికిపాట్లు పడుతూ పంపే కాగితం మీద మంగళవారం అనే పడుతుంది, వాళ్లకు అది ఇంకా సోమవారం రాత్రి. గడువు సోమవారమైతే గొడవ అక్కడే మొదలవుతుంది. మెషిన్‌లో ఏ టైము ఉండాలో కంపెనీని అడిగి, జవాబు మెయిల్లో రాయించుకో. కవర్ పేజీ మీద ‘ఇండియా టైము ఇంత, మీ టైము ఇంత’ అని రెండూ వెయ్యి. రిపోర్టు మీద మొదటి పేజీ బొమ్మ కూడా వచ్చేలా సెట్టింగు ఉంటుంది, అది ఆన్ చేసి ప్రతిదీ ఫైలు చెయ్యి. ఓకే అని వచ్చినంత మాత్రాన సరిపోదు. అవతలి మెషిన్ పేజీలు తీసుకుందని మాత్రమే దాని అర్థం. కాగితం తిరగేసి పెట్టి తెల్ల పేజీలు పంపినా ఓకే అనే వస్తుంది.

పేజీ నిండా నిలువుగా నల్ల గీత పడుతోందని ఎవరైనా అంటే మెకానిక్‌ను పిలవకు. ముందు కాగితం పైన పెట్టే చోటు నుంచే ఒక కాపీ తీసి చూడు. దాని మీదా గీత ఉంటే కాగితం జారే సన్నటి అద్దం పట్టీ మీద ధూళో వైట్‌నర్ చుక్కో అంటుకుని ఉంటుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. మన ఊరి దుమ్ముకు వారానికోసారి తుడవాల్సిందే.

కాగితాల సంగతి గట్టిగా చెబుతున్నా, కోప్పడుతున్నాననుకోకు. అవి పరాయివాళ్ల రోగాలు. రోగుల వివరాలు బయటపడకుండా అమెరికాలో 1996 నాటి చట్టం ఉంది. ట్రేలో కాగితం వదిలేసి టీకి లేవొద్దు. నంబరు కొత్తదైతే నొక్కాక ఒకసారి చదువుకుని అప్పుడు పంపు. పాత మెషిన్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే, ముఖ్యంగా లోపల సిరా ఫిల్మ్ చుట్ట ఉండే రకమైతే, వద్దు. వాడేసిన ఆ ఫిల్మ్‌ను వెలుతురులో పట్టుకుంటే వచ్చిన ప్రతి పేజీలోని అక్షరాలూ చదువుకోవచ్చు. చెత్తబండిలో వేశావంటే ఊరికి పంచినట్టే.

మెషిన్ కింద నేల మీద పెట్టకు చిన్నీ. బల్ల మీదైనా కాదు, గోడ అరమీద పెట్టించు. కృష్ణానగర్‌లో నీళ్లెందుకొస్తాయి పెద్దమ్మా అంటావు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేదాకా పాతబస్తీలో మేమూ అలాగే అనుకున్నాం. ఖాతా పుస్తకాలు, మెషిన్, గల్లాపెట్టె అన్నీ బురదలో దొరికాయి. నువ్వప్పుడు చిన్నపిల్లవి, మీ నాన్న నిన్ను భుజాన వేసుకుని మిద్దె ఎక్కాడు. వాన మబ్బు పడితే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఉరుములు మొదలైతే మెషిన్ ప్లగ్ పీకెయ్. ఫైబర్ గాజు కాబట్టి దాని వెంట పిడుగు రాదు, కరెంటు తీగ వెంట వస్తుంది.

రాత్రంతా మేలుకుంటావు కాబట్టి రాత్రి పన్నెండుకు ఏదైనా తిను. ఉత్త కాఫీతో గడపకు. ఉగ్గాణీ చేసి డబ్బాలో పెట్టమని మీ అమ్మకు చెప్పాను, ఆలస్యం చేయకుండా తినేయి.

అన్నీ అయ్యాక సెల్ నుంచి నీ ఫ్యాక్స్ నంబరుకు ఫోన్ చేసి చూడు, కీచుమని కూత వినిపిస్తే మెషిన్ ఎత్తుతున్నట్టే. ఆదివారం పొద్దున్నే నేనూ వస్తాను, నా ఎదురుగా ఒక పేజీ పంపిద్దువు. అంతలోపల ఫైబర్ తీగను తలుపు మూలలో మడిచి మేకులు కొట్టించొద్దు. బాగా వంగితే లోపలి గాజు విరుగుతుంది.

మీ పెద్దమ్మ