ఫోన్ కాదు, ఫైల్ మార్పించండి

ప్రశ్న: మా చెల్లికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. ఏటికేడాది చూపు తగ్గిపోతోంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఫోన్లో తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుంది, అది వాట్సాప్ మెసేజీలు తెలుగులో బాగానే చదివి వినిపిస్తుంది. కాలేజీ నుంచి వచ్చే తెలుగు నోట్సు పీడీఎఫ్‌లతోనే ఇబ్బంది. కొన్నిటిని పిచ్చిపిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది, కొన్నిటికి అసలు నోరే విప్పదు. ఫోన్ మార్చాలా? ల్యాప్‌టాప్ కొని ఖరీదైన సాఫ్ట్‌వేర్ వేయించాలా?
– ఒక అన్నయ్య, చీపురుపల్లి

జవాబు: ఫోన్ మార్చకండి. మెసేజీలు చదువుతోందంటే ఫోన్ బాగానే ఉంది, మీ చెల్లికి వాడటమూ వచ్చు. తేడా అంతా ఆ ఫైళ్లలోనే ఉంది.

నోరు విప్పనివి స్కాన్ చేసినవి, అంటే కాగితానికి తీసిన ఫొటోలు. వాటిలో అక్షరాలు మన కంటికే గాని ఫోన్‌కి లేవు. పిచ్చి ఇంగ్లీషు చదివేవి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి, మన ప్రెస్సుల్లో అను ఫాంట్లు అంటారే, అలాంటివి. వాటిలో తెరమీద ‘అ’ కనిపిస్తుంది గాని లోపల దాచింది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. టాక్‌బ్యాక్ బొమ్మని చూడదు, లోపలున్నదే చదువుతుంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక డీటీపీ షాపులో కూర్చుని ‘మా ఊరు చెరువు నిండింది’ అన్న ఒక్క వాక్యాన్నే రెండు రకాలుగా కొట్టించి విన్నాను. యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ లోపల దాని సొంత గుర్తే ఉండే పద్ధతిలో, కొట్టింది చక్కగా చదివింది, రెండోది ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న ఆయన మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడు, ఇలా అవుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదట. యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చింది, ఇన్నేళ్ల తర్వాత కూడా పిల్లల నోట్సు ఇలా ఉండటం నాకు బాధగా ఉంది.

మీరే తేల్చుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లీషు చెత్త పడితే పాత ఫాంటు, అసలు సెలెక్టే కాకపోతే స్కాన్.

ఈలోగా చదువు ఆగకూడదు కదా. స్కాన్ ఫైలుని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోంచి తెలుగు అక్షరాలు తీసిస్తుంది. పాత ఫాంటు పేజీకైతే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు కాపీ చేసుకోండి. వత్తుల దగ్గర, ప–వల దగ్గర తప్పులు పడతాయి, పట్టికలు కలిసిపోతాయి, కాబట్టి పరీక్షకి పనికొచ్చే పేజీలు మీరు పక్కన కూర్చుని ఒకసారి సరిచూడండి.

ల్యాప్‌టాప్ కొన్నా సాఫ్ట్‌వేర్‌కి రూపాయి పెట్టక్కర్లేదు. కంప్యూటర్ తెరమీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మొదట్లో గరగరగా అనిపిస్తుంది గాని వారం పది రోజుల్లో చెవి అలవాటు పడుతుంది. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే ఒక హెడ్డింగు నుంచి ఇంకోదానికి దూకుతుంది, పెద్ద పాఠాల్లో అది చాలా ఆసరా. ఒక్క మాట, రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు వద్దని చెప్పండి, ఆ పిల్లకి ఆటో శబ్దం వినపడాలి.

అసలు పని కాలేజీతో ఉంది. ప్రిన్సిపాల్ గారికి మీ చెల్లి పేరు మీదే ఉత్తరం రాయించండి: ‘నోట్సు యూనికోడ్‌లో కొట్టిన వర్డ్ ఫైలుగా ఇప్పించండి’ అని. మొహమాటం వద్దు, ఇది దయతో ఇచ్చేది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం కూడా అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది, డిజిటల్ సదుపాయం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఈ రెండూ ఉత్తరంలో రాయండి. అప్పటికీ ఏ ఫైలైనా లొంగకపోతే అందులోంచి ఒక్క పేజీ నాకు పంపండి, ఏ ఫాంటో చూసి చెబుతాను.