నాన్నగారి 1985 పద్మినిని తుక్కుకు ఇవ్వాలా?

మీరు అడిగింది ఇది: కడపలో ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి 1985 ప్రీమియర్ పద్మిని ఉంది. ఆయన పోయాక ఎవరూ బయటికి తీయలేదు. ఆర్‌సీ 2020లోనే అయిపోయింది. స్క్రాప్ పాలసీ (పాత బండ్లను తుక్కు చేయించే కేంద్ర విధానం) కింద ప్రభుత్వమే ఎత్తుకుపోతుందని, ఇప్పుడే ఇచ్చేస్తే కొత్త కారు మీద రాయితీ అయినా దక్కుతుందని బంధువులు అంటున్నారు.

ఎవరూ ఎత్తుకుపోరు. ఆ టెన్షన్ ముందు వదిలేయండి.

నాది అనంతపురం. ఒక పాత ఫియట్ (పద్మిని కూడా ఆ జాతి కారే), మా జేజినాయన కొన్న 1971 జావా బైకు నా దగ్గర ఉన్నాయి, రెండూ రోడ్డు మీద తిరుగుతున్నాయి. 2021 ఆగస్టు 13న ప్రధాని ఈ పాలసీని ప్రారంభించిన రోజు పాత బండ్లు ఉన్న మా స్నేహితులందరిలోనూ ఇదే భయం. కానీ వయసు దాటిన సొంత కారు ఇక తిరగకూడదన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల గొడవ. అక్కడ 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అని గీత గీశాయి. అక్కడ బండ్లు సీజ్ చేస్తుంటే టీవీలో చూసి, ఇక్కడా అంతే అనుకుంటున్నారు మనవాళ్లు. మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. బండి ఫిట్‌గా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా చేయించుకోవచ్చు.

ఎత్తుకుపోరు గానీ, ఉంచుకోవడం మాత్రం ఖరీదు చేశారు. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. బైకులకు అదే వరసలో 300, 1,000, 2,000. దీనికి తోడు రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటితే కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము కూడా ఉంది. మీ ఆర్‌సీ 2020లో ఆగింది కాబట్టి ఏ నెల నుంచి లెక్క వేస్తున్నారో ఆర్టీఓ ఆఫీసు కౌంటర్లో ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఆ మొత్తం చూసి చాలామంది అక్కడికక్కడే బండి మీద ఆశ వదిలేసుకుంటున్నారు.

వింటేజ్ (బాగా పాతకాలపు బండ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్) కింద చేయించుకోవచ్చు కదా అని మీకు ఎవరైనా చెప్తారు. కుదరదు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా ఉండాలి. మీ 1985 బండి 2035 దాకా ఆగాలి. మాలాంటి వాళ్ల అసలు బాధ ఇదే. ఇరవైకి, యాభైకి మధ్య ఉన్న బండికి ఈ పాలసీలో ఒక పేరంటూ లేదు. మొదటి తరం మారుతి 800, కాంటెస్సా కార్లు, మైసూరు యెజ్డీ రోడ్‌కింగ్ బైకు, హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటర్, అన్నీ ఈ ముప్పై ఏళ్ల సందులోనే ఇరుక్కున్నాయి. నెలకోసారి ఆదివారం పొద్దున బయటికి తీసే బండికీ, రోజూ ఊరంతా పొగ వదులుతూ తిరిగే బండికీ ఒకే ఫీజు అంటే నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

అయినా వింటేజ్ అనేది పైకి కనిపించినంత గొప్పది కాదు. మా జావాకు యాభై దాటింది, అయినా నేను అటు పోలేదు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 కట్టాలి, అది పదేళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్ 5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలుకు తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. నాకు సాయంత్రం టవర్ క్లాక్ దాకా పోయి రావాలని ఉంటుంది. మామూలు ఆర్‌సీ ప్రాణంతో ఉన్నంతవరకు అదే నయం. కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో సగం తగ్గింపు ఉన్న మాట నిజమే గానీ, దానికోసం బండిని షెడ్డులో కట్టేసుకోలేం.

ఇక పాలసీ వల్ల మాకు నిజంగా తగిలిన దెబ్బ స్పేర్ పార్ట్‌లది. ఇంతకుముందు గుజిరీకి (పాత సామాన్ల కొట్టుకు) పోతే ఎవరో ఒకరి ఫియట్ తలుపు, క్వార్టర్ గ్లాసు, వైపర్ మోటారు దొరికేవి. గుజిరీ ఆయనకు ఏ పార్ట్ ఏ బండికి సరిపోతుందో నోటికి వచ్చు. 2021 సెప్టెంబరు నిబంధనలతో బండిని లెక్కప్రకారం తుక్కు చేసే హక్కు రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రాలకు పోయింది. నూనెలు, బ్యాటరీలు నేలపాలు కాకుండా చూస్తారు, దొంగబండ్లు మాయం కావడం తగ్గుతుంది. ఆ మేరకు మంచిదే, కాదనను. కానీ అలాంటి ఒక కేంద్రంలో ఫియట్ డోర్ హ్యాండిల్ కావాలంటే మమ్మల్ని గేటు కూడా దాటనివ్వలేదు. ఇప్పుడు బెంగళూరు జేసీ రోడ్డు, శివాజీనగర్ గుజిరీ బజారు దాకా పోవాల్సి వస్తోంది.

జీపుల పిచ్చి ఉన్నవాళ్లకు ఇంకో దారి మూసుకుపోయింది. గవర్నమెంటు డిపార్టుమెంట్లు పాత జీపుల్ని, అంబాసిడర్లను వేలం వేసేవి. మా స్నేహితుడొకడి మహీంద్రా జీపు అలా వచ్చిందే. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, స్క్రాపింగ్ కేంద్రానికే పోవాలి.

ఇప్పుడు మీ బండి సంగతి. కాగితాల తర్వాతే మెకానిక్. నాన్నగారు లేరు కాబట్టి ఆర్‌సీ ముందు మీ పేరుకు మారాలి. దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. రెన్యువల్‌కు ఫారం 25. 1985 బండి అంటే నంబర్ మూడక్షరాల పాత సిరీస్ అయి ఉంటుంది. మన జిల్లాల ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 సిరీస్‌లు 1989 తర్వాతివి. అలాంటి నంబర్లు ఆన్‌లైన్‌లో కొడితే రికార్డు రాకపోవచ్చు. మా ఫియట్‌కు అదే జరిగింది. ఒక ఆఫీసులో పాత రిజిస్టర్ తిరగేసి ఎక్కించాలంటే ఎవరికీ తీరిక లేదు. “ఇంత తిరిగే బదులు సెకండ్ హ్యాండ్‌లో మంచిది కొనుక్కోవచ్చు కదన్నా” అన్నాడు ఒకాయన. మా నాయన పాత ఆర్‌సీ పుస్తకం, ట్యాక్స్ రసీదులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఇనప్పెట్టెలో దాచి ఉండబట్టి చివరికి పని అయింది. మీ ఇంట్లోనూ బీరువాలు, పెట్టెలు అన్నీ వెతకండి, పాత రసీదు ఒక్కటి కూడా పారేయొద్దు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ అడ్రసు ఇప్పుడు ఏ ఆఫీసు కిందికి వస్తుందో కూడా చూసుకోండి.

తర్వాత బానెట్ ఎత్తి ఇంజన్ చూడండి. డీజిల్ చవగ్గా ఉన్న రోజుల్లో ఫియట్లకు, అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు దింపినవాళ్లు సీమలో బోలెడుమంది. వంటగ్యాస్ బండను డిక్కీలో పెట్టి తిప్పిన వీరులు వేరే. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి లోపల ఇంకొకటి ఉంటే తనిఖీలో ఆగిపోతుంది. ఒరిజినల్ 1089 సీసీ ఇంజనే ఉండి, నంబరు ఆర్‌సీతో కలిస్తే సగం గండం గడిచినట్టే.

ఫిట్‌నెస్‌కు తొందరపడి పోవద్దు. తనిఖీలో మళ్లీ మళ్లీ ఫెయిలైన బండిని కాలం తీరినదిగా లెక్కగట్టాలన్నది ఈ పాలసీలోనే ఉంది. ముందు బ్రేకులు పూర్తిగా చేయించండి, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి ఒక పక్కకు లాగడం మామూలు. లైట్లు, హారన్, టైర్లు సరిచూడండి. పొగ పరీక్షకు భయపడక్కర్లేదు. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు రాకముందటి కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు పర్వాలేదు, కార్బురేటర్ ట్యూనింగ్ చేస్తే వస్తుంది. షెడ్డులో ఇన్నేళ్లు ఉన్న బండికి నేరుగా సెల్ఫ్ కొట్టకండి. పాత పెట్రోలు తీసేయించి, ప్లగ్గులు విప్పి నూనె చుక్కలు వేసి, చేత్తో తిప్పి చూశాకే. రబ్బరు పైపులన్నీ మార్చండి, ఇప్పటి ఇ20 (ఇథనాల్ 20 శాతం కలిపిన) పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు. మన దగ్గర వానలు తక్కువ కాబట్టి కోస్తా బండ్లలా బాడీ తుప్పు పట్టి ఉండకపోవచ్చు. బెంగళూరు నుంచి ఇక్కడి పాత బండ్లకోసం వచ్చేది అందుకే.

రాయితీ మాట కూడా చూద్దాం. పద్మిని బరువు దాదాపు తొమ్మిది వందల కిలోలు. ఇనుము లెక్కన కట్టిస్తే చేతికొచ్చేది కొన్ని వేలు. కొత్త కారు రోడ్డు ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్ర నిబంధన. ఎంత ఇచ్చేది రాష్ట్రం ఇష్టం. కొత్త కారు ఎలాగూ కొనబోతుంటే, పద్మిని నేల దాకా కుళ్లిపోయి ఉంటే, మీ బంధువుల మాట తప్పు కాదు. బాడీ గట్టిగా ఉంటే మాత్రం తుక్కుకు ఇవ్వడం దండగ, ఒకసారి స్క్రాప్ సర్టిఫికెట్ పడితే ఆ నంబరు మళ్లీ రాదు. అమ్మాలనుకున్నా ఆర్‌సీ బాగు చేయించాకే అమ్మండి. కాగితాల్లేని పద్మినికి కొనేవాడు చెప్పేది గుజిరీ ధరే.

ఇంజన్ నంబర్ ప్లేటు, ఛాసిస్ నంబర్, ఆర్‌సీ మొదటి పేజీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఇక్కడ మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకండి. బానెట్ లోపలి ఫోటో ఒక్కటి పెట్టండి చాలు, ఇంజన్ మార్చారో లేదో చూసి చెప్తాను.