టెక్ సందేహాలు: ఒకే బంగారానికి ఇన్ని ధరలా?

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాకు చిన్న నగల అంగడి ఉంది. పొద్దున్నే ఫోన్‌లో బంగారం ధర చూస్తే ఒక్కో యాప్ ఒక్కో అంకె చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: వాటిలో ఏదీ తప్పు కాకపోవచ్చు, అవి చూపేది ఒకే ధరను కాదు. అంతర్జాతీయ ధర పేరిట కనిపించేది ట్రాయ్ ఔన్సుకు, అంటే 31.1035 గ్రాములకు, డాలర్లలో చెప్పే స్పాట్ ధర, అంటే అప్పటికప్పుడు అమ్మే బంగారం ధర. బ్యాంకులూ బులియన్ (కడ్డీల బంగారం) వ్యాపారులూ పలికే ధరలను డేటా సంస్థలు విడివిడిగా సేకరించి అమ్ముతాయి కాబట్టి, ఒకే నిమిషంలో రెండు యాప్‌ల మధ్య కొద్దిపాటి తేడా సహజం. లండన్‌లో అక్కడి కాలమానం ప్రకారం ఉదయం 10.30కీ, మధ్యాహ్నం 3 గంటలకీ వేలంలో తేలే ధర మాత్రం అందరికీ ఒకటే.

ఎంసీఎక్స్ అనే సరకుల ఎక్స్‌ఛేంజీలో కనిపించేది ఫ్యూచర్స్ ధర, అంటే రాబోయే నెలల్లో అప్పగించాల్సిన బంగారానికి నేడు కుదిరే బేరం. ప్రధాన కాంట్రాక్టులో అది 995 స్వచ్ఛత (వెయ్యి పాళ్లలో 995 బంగారం) గల 10 గ్రాముల ధర. దిగుమతి సుంకం కలిసే ఉంటుంది, జీఎస్టీ ఉండదు. స్పాట్ ధరను రూపాయల్లోకి మార్చి దీనితో పోల్చి, యాప్ మోసం చేస్తోందని అనుకునేవారు చాలామంది.

మీ అవసరానికి ఇండియా బులియన్ అండ్ జ్యువెలర్స్ అసోసియేషన్ రోజుకు రెండుసార్లు ప్రకటించే ధర మేలని నా అభిప్రాయం. బంగారం ధరతో ముడిపడిన ప్రభుత్వ బాండ్లైన సావరిన్ గోల్డ్ బాండ్ల ధర నిర్ణయానికి రిజర్వు బ్యాంకు తీసుకున్నది ఈ సంస్థ 999 స్వచ్ఛతకు ఇచ్చే ముగింపు ధరల సగటునే. దాన్ని 0.916తో గుణించి 22 క్యారెట్లకు మార్చుకుని, 3 శాతం జీఎస్టీ కలుపుకోవడం మీకు నేను చెప్పనక్కరలేదు. మూలం పేరుగానీ, ధర తీసుకున్న సమయంగానీ చూపకుండా ‘లైవ్’ అని మాత్రం రాసుకునే యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.

ప్రశ్న: గూగుల్ షీట్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములాతో నా షేర్ల పట్టిక తయారు చేసుకున్నాను. సాయంత్రమైనా బ్రోకర్ యాప్‌తో లెక్క కలవడం లేదు. – అనంతపురం పాఠకురాలు

జవాబు: ఆ ఫార్ములా ఇచ్చే ధర 20 నిమిషాల వరకు ఆలస్యం కావచ్చునని గూగులే చెబుతోంది. సాయంత్రానికీ తేడా ఉంటే, ఒకచోట ఎన్‌ఎస్‌ఈ ధర, మరోచోట బీఎస్‌ఈ ధర వస్తున్నాయేమో ముందుగా చూడండి. ఆ తరువాత అనుమానించాల్సింది ముగింపు ధరను: ఏళ్లుగా వస్తున్న పద్ధతిలో అది 3.30కి జరిగిన ఆఖరి లావాదేవీ ధర కాదు, చివరి అరగంటలో చేతులు మారిన షేర్ల సంఖ్యను బట్టి లెక్కగట్టే సగటు. ఎక్స్‌ఛేంజీలు రోజూ మార్కెట్ ముగిశాక ఉచితంగా విడుదల చేసే భావ్‌కాపీ ఫైలులో ఆఖరి ధర, ముగింపు ధర వేర్వేరు గడుల్లో ఉంటాయి. తగవు తీరేది అక్కడే.

పాత ధరల విషయంలో ఇంకొక చిక్కుంది. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒక షేరుకు ఒక షేరు బోనస్ ఇచ్చినప్పుడు ధర దాదాపు సగమైంది. చార్టు ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపించకుండా చాలా డేటా సంస్థలు అంతకు ముందరి ధరలనూ సగానికి సవరించాయి. అందువల్ల మీరు కొన్న ధరను చార్టు నుంచి తీసుకోకుండా, కొనుగోలు వివరాలతో బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్ చూసి నింపి, బోనస్‌గా వచ్చిన షేర్లను సున్నా ధరతో మరో వరుసలో చేర్చండి.