ఒక్క మనిషి తగ్గితే 8 శాతం: కొండ ఊరి జనాభా లెక్క ఎలా చదవాలి

“స్విట్జర్లాండ్‌లో ఓ కొండ ఊరి జనాభా ఒక్క ఏడాదిలో 8 శాతం పడిపోయిందట, ఊరు ఖాళీ అయిపోతున్నట్టేనా?” అని ప్రశ్న. ఆ ఊళ్లో ఉన్నదే 12 మంది అయితే 8 శాతం అంటే ఒక్క మనిషి. వందమంది కూడా లేని ఊరికి శాతాలు కట్టడమే తప్పు. తలలు లెక్కపెట్టాలి.

వృద్ధుల నిష్పత్తి ఇంకా మోసం చేస్తుంది. 20–64 ఏళ్లవాళ్లు 100 మందికి 65 దాటినవాళ్లు ఎందరో చెప్పే అంకె అది. ఊళ్లో 12 మందిలో 8 మంది 65 దాటినవాళ్లు, నలుగురు పనిచేసే వయసువాళ్లు అనుకోండి. నిష్పత్తి 200. ఆ నలుగురిలో ఒకరికి 65 నిండితే ముగ్గురికి 9 మంది, అంటే 300. ఎవరూ పోలేదు, ఎవరూ రాలేదు, ఒక పుట్టినరోజు వచ్చిందంతే.

అసలు ఆ 12 ఎవరో కూడా చూసుకోవాలి. ఏటా డిసెంబర్ 31 నాటి స్థిర నివాసుల లెక్క ఇది. 2010 నుంచి దీన్ని నివాసుల పేర్లు రాసుకునే ప్రభుత్వ రిజిస్టర్ల నుంచే తీస్తున్నారు. సెలవులకు వచ్చిపోయే ఇళ్ల యజమానులు ఇందులో ఉండరు. మరోపక్క, వృద్ధాశ్రమంలో చేరినంత మాత్రాన అక్కడి చట్టం ప్రకారం నివాసం మారదు. కాబట్టి మనిషి కింద లోయలో ఉన్నా పేరు కొండ మీదే ఉండొచ్చు. ఇంకో చిక్కు: నేలను హెక్టారు గడులుగా విడదీసి జనాన్ని చూపే పటాల్లో 1, 2, 3 అన్నీ 3గానే చూపిస్తారు, మనుషుల్ని గుర్తుపట్టకుండా. చిన్న ఊరికి ఆ గడులు కూడితే లేని జనం పుట్టుకొస్తారు.

స్విట్జర్లాండ్‌లోని టిచీనో రాష్ట్రంలో కొరిప్పో అనే ఊరిని తీసుకోండి. వెర్జాస్కా లోయలో నిట్టనిలువు వాలు మీద రాతి గోడలు, రాతి పలకల కప్పులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. 1850లో 294 మంది, 2000లో 22 మంది. చివరికి డజను అటూఇటూ మిగిలారు, జనాభాలో దేశంలోకెల్లా చిన్న కమ్యూన్ (మన పంచాయతీ లాంటిది) అని పేరు. ఆ 150 ఏళ్ల జారుడు నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. 2020 అక్టోబర్‌లో కొరిప్పో పొరుగు ఊళ్లతో కలిసి వెర్జాస్కా అనే కొత్త కమ్యూన్ అయింది. అక్కడితో దాని సొంత జనాభా అంకెల వరుస తెగిపోయింది. ఇప్పుడు పట్టికలో వెర్జాస్కా అంకె చూసి “జనాభా పెరిగింది” అనేవాళ్లున్నారు! పాత అంకెలు కూడి పోల్చాలన్నా జాగ్రత్త: కలిసిన పొరుగు ఊళ్లలో ఒకటైన లవెర్తేత్సోలో లోయ భాగం మాత్రమే కలిసింది, మైదానం భాగం విడిగానే ఉంది. మొత్తం లవెర్తేత్సోను కూడితే లెక్క తప్పుతుంది.

ఇక నన్ను బాగా బాధపెట్టేది ఆల్బినెన్ వార్త. “స్విస్ ఊరికి వెళ్తే లక్షలిస్తారు” అని ఇప్పటికీ తిప్పుతుంటారు. వాలే రాష్ట్రంలోని ఆ ఊరు 2017 నవంబర్ 30న ఓటేసి ఒప్పుకున్నది ఇదీ: పెద్దవాళ్లకు తలా 25,000 ఫ్రాంకులు, పిల్లలకు 10,000. వయసు 45 లోపు ఉండాలి, ఇంటి మీద కనీసం 2 లక్షల ఫ్రాంకులు పెట్టాలి, పదేళ్లు అక్కడే కాపురముండాలి, ముందే వెళ్లిపోతే డబ్బు తిరిగి కట్టాలి. విదేశీయులకైతే స్థిర నివాస పర్మిట్ కూడా ఉండాలి. ఇక్కడి నుంచి విమానమెక్కి వెళ్లి తీసుకునే సొమ్ము కాదది. సుమారు 240 మంది ఉన్న ఊరు తన బడి మళ్లీ తెరుచుకోవాలని పడ్డ తపనను లాటరీ టికెట్‌లా చూపించడం అన్యాయం.

మీరు అడిగిన ఊరి సంగతి తేలాలంటే పదేళ్ల పుట్టుకలు, చావులు, వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, నాలుగూ మనుషుల్లోనే పక్కపక్కన రాసుకోండి. పక్కనే 45 లోపువాళ్లు ఎందరో రాయండి. పుట్టుకల గడి పదేళ్లూ సున్నాగా ఉండి, వచ్చినవాళ్లంతా అరవై దాటినవాళ్లే అయితే భయపడాల్సిందే. చావులు ఎక్కువున్నా చిన్న కుటుంబం ఒక్కటి దిగితే కథ మారుతుంది. కొరిప్పోలో 2022లో పాత ఇళ్లను గదులుగా మార్చి హోటల్ తెరిచారు. అందులో దిగిన అతిథులు ఎందరైనా డిసెంబర్ 31 లెక్కలోకి రారు. దాన్ని నడిపేవాళ్లు అక్కడే ఇల్లు పెట్టుకుని పేరు రాయించుకుంటేనే అంకె కదులుతుంది.